టీ గిన్నె తొణకని నేల

షైలోబెక్ ఇంట్లో నేలకున్న గౌరవం షైలోబెక్‌కు లేదు. ఈ సంగతి ఆయనే పదిమందిలో ఒప్పుకునేవాడు, కొంత గర్వంగా. బిష్కెక్‌లో వాళ్ళుండే ఆ అయిదంతస్తుల భవనం దగ్గరికి వచ్చి షైలోబెక్ ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ చప్పున చెప్పరు. చెక్క నేల ఉన్న ట్రాలీబస్సాయన అంటే మాత్రం చేతిలో పని ఆపి నాలుగో అంతస్తు చూపిస్తారు. గుమ్మం దగ్గర చెప్పులు విడవడం అందరిళ్ళలోనూ ఉన్నదే. ఈయన ఇంట్లో మేజోళ్ళకు ఇసుక అంటుకుంటే అది కూడా దులుపుకుని రావాలి. దులుపుకోనివాళ్ళకు వంటింట్లో టీ ఇచ్చి పంపేవాడు.

ఆ నేల ఆయనకు జీతం కింద వచ్చింది. పాత దేశం చెల్లాచెదురై కొత్త దేశానికి ఇంకా జేబులు కుట్టని రోజులవి. ట్రాలీబస్సు డిపోలో జీతాలిచ్చే కిటికీ రోజూ తెరిచేవారు గాని, దాని వెనక ఒక మనిషి తప్ప మరేమీ ఉండేది కాదు. చివరికి డిపోవాళ్ళు తమ క్లబ్బు హాలునే ఊడదీసి పంచారు. ఒక డ్రైవరుకు రంగస్థలం తెర వచ్చింది. అతని భార్య దానితో ఇంటిల్లిపాదికీ ఎర్ర మఖమల్ కోట్లు కుట్టింది. ఒక కండక్టరుకు పియానో వచ్చింది. అది ఇప్పటికీ అతని మెట్ల మలుపులో ఇరుక్కుని ఉంది. షైలోబెక్‌కు జనం నాట్యమాడిన నేల వచ్చింది. ఓక్ చెక్క పలకలు, ఒక్కొక్కటి జానెడు పొడవు, మూడు వేళ్ళ వెడల్పు. వాటిని ఆయన తన ట్రాలీబస్సులోనే ఇంటికి చేర్చాడు. దారిలో ఎక్కబోయినవాళ్ళతో, "ఇవాళ నా బండిలో ఒక నేల ప్రయాణం చేస్తోంది, మీరు వెనక వచ్చేదాంట్లో రండి" అన్నాడట.

ఆ చలికాలమంతా సెలవు దొరికినప్పుడల్లా మోకాళ్ళ మీద కూర్చుని, మరిగించిన తారులో ఒక్కొక్క పలకనూ చేపముల్లు వరసలో అతికించాడు. ఆయన భార్య కలీపా ఆ కాలాన్ని, "మా ఆయన నాకు వీపు తప్ప ఇంకేమీ చూపించని చలికాలం" అంటుంది. పని పూర్తయి, పైన వేసిన వార్నీషు ఆరకముందే కొడుకు మిర్లాన్ తుషో వేడుక వచ్చిపడింది. నడక మొదలుపెట్టబోయే బిడ్డ కాళ్ళకు నల్ల ఉన్నీ తెల్ల ఉన్నీ కలిపి పేనిన తాడు కట్టి, మిగతా పిల్లలకు పరుగుపందెం పెట్టి, ముందుగా వచ్చినవాళ్ళ చేత ఆ తాడు కోయిస్తారు. కోసినవాళ్ళ నడక బిడ్డకు వస్తుందని నమ్మకం. తాడు తెగగానే మిర్లాన్, పెద్దలు పరిచిన తెల్లగుడ్డను లెక్కచెయ్యకుండా, కిటికీ వైపు తిరిగి తడి వార్నీషు మీద ఒక అడుగు వేసి కూలబడ్డాడు. కూలబడిన ముద్రను షైలోబెక్ చెరిపేశాడు. అడుగు ముద్రను చెరపడానికి ఆయనకు చెయ్యి రాలేదు. మడమ ఒక పలక మీద పడింది, వేళ్ళు దాని పక్క పలక మీద పడ్డాయి. ఆ తర్వాత ఎన్నిసార్లు వార్నీషు వేసినా, దర్గా దగ్గర రోడ్డు పక్కకు ఒదిగినట్టు, ఆయన కుంచె ఆ చోటును చుట్టి పోయేది.

ఇప్పుడు మిర్లాన్ కూతురు ఉల్జాన్ గోడ పట్టుకుని నిలబడుతోంది. షైలోబెక్ ఉద్యోగం ముగిసింది, ట్రాలీబస్సులు కూడా ఊళ్ళోంచి వెళ్ళిపోయాయి. ఆయనకు మిగిలిన కోరిక ఒక్కటే. మనవరాలి తాడు తన నేల మీద తెగాలి, తండ్రి అడుగు పక్కన ఆ పిల్ల అడుగు పడాలి.

దీనికి అడ్డం వియ్యంకుడు. కోడలు జిబెక్ తండ్రి జుమాకదిర్ నరీన్ కొండల్లో ఉద్యోగమంతా రోడ్డు రోలరు నడిపి దిగినవాడు. వేడుక కేఫేలో చెయ్యాలని, అక్కడైతే బంధువులంతా పడతారని ఆయన పట్టు. మనిషి మంచివాడే. చదును అన్నది లోకంలో తనకొక్కడికే తెలుసని నమ్మేవాడు, అంతే. ఆ విషయం ముఖాముఖి తేల్చుకోవడానికి వియ్యాలవారు భార్యాభర్తలు ఒక కోసిన గొర్రెతో సహా బస్సెక్కారు. సరిగ్గా ఆ రోజే బిష్కెక్‌లో ఇళ్ళ గొట్టాల్లోకి చలికాలపు వేడినీళ్ళు వదిలారు.

వేడినీళ్ళు వదిలే రోజున మెట్ల తలుపుకు ఒక కాగితం అంటిస్తారు. ఇంట్లోనే ఉండండి, రేడియేటర్లు చూసుకోండి అని దాని సారాంశం. అయిదో అంతస్తులో, అంటే సరిగ్గా షైలోబెక్ నెత్తిన, తాజికాన్ అనే పెద్దావిడ ఉంటుంది. బడిలో భూగోళం చెప్పి రిటైరైంది. ఆవిడ కాగితం రెండుసార్లు చదివింది, రేడియేటరు పక్కనుండే బుల్లి మర తిప్పి గాలి బయటికి వదిలింది. కాసేపు బుస్సుమని ఊరుకుంది. నీళ్ళు రాలేదు. మర కింద ఒక కప్పు పెట్టి, ఊరగాయకు క్యాబేజీలు తేవడానికి బజారుకు వెళ్ళింది. ఆవిడ క్యాబేజీల దాకా చేరాక నీళ్ళు వచ్చాయి. కప్పు తన శక్తికొద్దీ పట్టింది. నదులు ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తాయో తరాల తరబడి పిల్లలకు చెప్పిన ఆవిడ పడగ్గదిలోనే ఆ రోజు ఒక నది పుట్టి, షైలోబెక్ పెద్దగదిలో కలిసింది.

షైలోబెక్ అప్పుడు వియ్యాలవారిని తీసుకురావడానికి బస్టాండుకు వెళ్ళాడు. ఇంట్లో కలీపా ఒక్కతే. దీపం తీగ వెంట నల్లటి నీళ్ళు దిగడం చూసి గిన్నెలు పెట్టింది, పైకి పరిగెత్తి తలుపు బాదింది, కిందికి పరిగెత్తి నేలమాళిగలో గొట్టాలతనిని పట్టుకుని నీళ్ళు కట్టించింది. తిరిగొచ్చేసరికి చెక్క నేల మీద ఆకాశం కనిపిస్తోంది. ఇంట్లో ఉన్న తువ్వాళ్ళన్నీ, షైలోబెక్ పెళ్ళినాటి చొక్కాతో సహా, పెట్టి ఒత్తి తుడిచింది. అప్పుడు ఫోను మోగింది. బస్సు వచ్చేసింది, బయల్దేరుతున్నాం అని.

ఇక్కడే ఆ తప్పు జరిగింది. ఇంజనీరన్నవాడెవడూ ఆ తప్పు చెయ్యడు. కిర్గిజ్ ఇల్లాలన్నది ఏదీ చెయ్యకుండా ఉండదు. పిల్లనిచ్చిన వియ్యాలవారు మొదటిసారి చలికాలంలో వస్తుంటే, ఒట్టి నేల చూపించడమా? కలీపా పందిరి మంచం మీద చుట్టిపెట్టిన పెద్ద షిర్దాక్‌ను, అంటే వాళ్ళమ్మ ఒత్తి కుట్టిన దళసరి ఉన్నికంబళాన్ని, ఆ తేమ మీద ఈ మూల నుంచి ఆ మూలకు పరిచింది. దాని మీద పరుపులు, వాటి మధ్య విందుగుడ్డ, గుడ్డ మీద రొట్టె, జామ్, మిఠాయిలు. ఆ తర్వాత అద్దంలో చూసుకుని తలగుడ్డ సర్దుకుంది. గదిలో నీళ్ళన్నవి ఎప్పుడూ పడనట్టే ఉంది. నీళ్ళకు కూడా బయటికి పోవడానికి దారి లేనట్టే ఉంది.

భర్తకు వంటింట్లో గొణిగింది. "పైనుంచి కాసిని నీళ్ళు పడ్డాయి. తుడిచేశాను."

"కాసిని అంటే?"

"ముందు మాంసం పొయ్యి మీద పెట్టనియ్యవయ్యా."

భోజనం బాగా జరిగింది. జుమాకదిర్ మాంసం కలిపిన బేష్‌బర్మాక్ పళ్ళెం ఖాళీ చేసి, చేతులు తుడుచుకుని, అరచేత్తో కంబళాన్ని నొక్కి చూశాడు.

"బావగారూ, కిందనుంచి వెచ్చగా వస్తోందేమిటి? నేలకు కూడా వేడినీళ్ళ గొట్టాలు వేయించారా?"

షైలోబెక్ భార్య వైపు చూశాడు.

"కొత్త పద్ధతి అన్నయ్యగారూ" అంది కలీపా. "టీ పోయనా?"

వచ్చినవాళ్ళు వారాంతం దాకా ఉన్నారు. వాళ్ళున్నంతకాలం కంబళం ఎత్తడానికి వీల్లేదు. అతిథులు కూర్చున్న పరుపు కింది కంబళం లాగడం అంటే లేచి వెళ్ళమని చెప్పడమే. కేఫేనా ఇల్లా అన్న చర్చ మాత్రం అలసట లేకుండా సాగింది. వెళ్ళిపోయే రోజు పొద్దున జుమాకదిర్ టీ గిన్నె తన ముందు పెట్టుకుని, "మీ నేల మీద ఇన్నాళ్ళు కూర్చున్నాను బావగారూ, పేరుకు తగ్గట్టే..." అనబోయాడు. అంతలో గిన్నె ఒక పక్కకు ఒరిగి, తనంతట తాను విందుగుడ్డ మీద జారుకుంటూ వెళ్ళి ఆయన భార్య మోకాలిని ఆనుకుని ఆగింది. రోలరు నడిపినవాడు గిన్నెను చూశాడు. గిన్నె పోయిన దారిని చూశాడు. తర్వాత వంగి, గడ్డం నేలకు ఆనించి, ఒక కన్ను మూసి గది అంతటినీ చూశాడు.

"బావగారూ, మీ ఇంట్లో కొండ పుట్టింది."

అప్పుడు కంబళం ఎత్తారు. మగ్గిన గడ్డి వాసన, తారు వాసన కలిసి లేచాయి. గది నడుమ ఓక్ పలకలు ఒకదాన్నొకటి తోసుకుని, పడుకున్న గొర్రె వీపంత ఎత్తున పైకి లేచి ఉన్నాయి. కలీపా చేతిలో టీ కెటిల్ అలాగే ఉంది.

"కొత్త పద్ధతే" అన్నాడు జుమాకదిర్, చాలా మర్యాదగా.

షైలోబెక్ మోకాళ్ళ మీద కూర్చుని కిటికీ వైపు వెతికాడు. అడుగు ముద్ర ఉన్న రెండు పలకలూ తారు వదిలేసి ఊగుతున్నాయి గాని, ముద్ర చెక్కుచెదరలేదు. లేచి నిలబడి, ఎవరి మొహమూ చూడకుండా అన్నాడు. "తుషో ఇక్కడే చేస్తాం."

"దేని మీద?"

"దీని మీదే."

జుమాకదిర్ ఆలోచించాడు. వియ్యంకుణ్ణి ఈ స్థితిలో ఇంకా తోయడం పద్ధతి కాదు, ఉబ్బిన నేల మీద మనవరాలిని నడిపించడం అంతకన్నా పద్ధతి కాదు. "సరే. డిసెంబరు ఆఖరి ఆదివారం తుషోకు వస్తాం. ఈ గదిలో నాకు నచ్చినచోట గిన్నె పెట్టి అంచుదాకా టీ పోస్తాను. తొణక్కపోతే ఇక్కడే. తొణికితే కేఫే. ఈలోగా కేఫేవాడికి వద్దని చెప్పను, ఏమనుకోకండి."

"ఏమనుకుంటాం" అన్నాడు షైలోబెక్.

వాళ్ళు బస్సెక్కిన గంటకు మెట్లన్నీ సలహాలతో నిండిపోయాయి. ఇస్త్రీ పెట్టమన్నారు. ఇటికలు పేర్చమన్నారు. కింది అంతస్తులో ఒంటరిగా ఉండే కుబాత్, ఇల్లు ఊడ్చే అలవాటు లేనివాడు, నాలుగు గొర్రెల్ని తెచ్చి వారం పాటు తొక్కించమన్నాడు. షైలోబెక్ గొర్రెల్ని కాదని, చలికాలానికి పట్టిన ఊరగాయ జాడీలన్నీ కొండ మీద పేర్చాడు. మర్నాడు పొద్దున చూస్తే కొండ ఇంకాస్త పెరిగింది. జాడీలు అంతకుముందెన్నడూ లేని ఎత్తునుంచి గదిని తిలకిస్తున్నాయి.

ఆ మధ్యాహ్నం తాజికాన్ బోర్సోకులు, అంటే నూనెలో వేయించిన పిండి ముక్కలు, ఒక పళ్ళెం నిండా పట్టుకుని దిగింది. గుమ్మం దగ్గర మేజోళ్ళు దులుపుకుంది. ఆ పరిస్థితిలో కూడా దులుపుకోవడం చూసి షైలోబెక్ కోపం సగం దిగిపోయింది.

"తమ్ముడూ, తప్పు నాదే. మర తిప్పి మరిచిపోయాను."

"ఎంతసేపు పోయాయక్కా నీళ్ళు?"

"క్యాబేజీ బేరం ఎంతసేపు పడుతుందో అంతసేపు."

"బాగా బేరమాడావా?"

"ఆడాను. తగ్గలేదు." ఆవిడ కొండ వైపు చూసి, బడిలో పటం ముందు నిలబడ్డట్టు చేతులు వెనక్కి కట్టుకుంది. "ఇది నొక్కితే దిగేది కాదు. చెక్క నీళ్ళు తాగింది, చోటు చాలక పైకి లేచింది. నీళ్ళు దిగితే గాని అది దిగదు. ఊడదీసి ఆరబెట్టాలి."

"ఊడదీయడానికి నాకు చేతులు రావడం లేదక్కా."

"నాకొస్తాయి" అంది కలీపా వంటింట్లోంచి. "ఆ జాడీలు దించండి ముందు."

అలా ఊడదీశారు. షైలోబెక్ ఒక్కొక్క పలకనూ ఉలితో లేపి, తారు గీకి, మొహం మీద సుద్దముక్కతో వరస గుర్తు, దాని కింద అంకె రాశాడు. ఎన్నో ఏళ్ళు ఒకే చోట పక్కపక్కన అరిగిన పలకలు అవి. ఒకదాని చోట మరొకటి ఇమడదు. కింద బయటపడ్డ సిమెంటు చెమటోడుతోంది. అదీ ఆరాలి. పలకలు ఆ గదిలో ఉంటే ఏదీ ఆరదు. ఎండలో పెడితే పగులుతాయి, రేడియేటరు పక్కన పెడితే వంకర తిరుగుతాయి. గాలి తగిలే నీడ కావాలి, అదీ ఒక గదికి సరిపడేంత.

అప్పుడు షైలోబెక్ అషార్ పిలిచాడు, అంటే ఇరుగుపొరుగును ఊరికే సాయానికి రమ్మన్నాడు. అషార్ పిలిస్తే రానివాడు ఆ మెట్ల వెంట ఇళ్ళలో లేడు, ఎందుకంటే పని చేయించుకున్నవాడు అన్నం పెడతాడు. ప్రతి ఇంటికీ ఒక కట్ట పలకలు వెళ్ళాయి. బీరువాల మీద, పియానో లేని మెట్ల మలుపుల్లో, మంచాల కింద, పలకకూ పలకకూ మధ్య పుల్లలు పెట్టి పేర్చారు. తాజికాన్ ప్రాయశ్చిత్తం కింద అన్నిటికన్నా పెద్ద కట్ట తీసుకుంది. కిటికీ వైపు పలకలన్నీ దాంట్లోనే ఉన్నాయి.

"తాకొద్దు. తడి తగలనివ్వద్దు. కాస్త గాలి తగలనివ్వండి చాలు" అని షైలోబెక్ గుమ్మం గుమ్మానికీ చెప్పాడు.

ఆ తర్వాత వారాలు ఆయనకు తీరిక ఎక్కువైంది. రోజుకోసారి ఏదో వంకతో ఒకరింటికి వెళ్ళి, టీ తాగుతూ, బీరువా మీద తన నేలను పలకరించి వచ్చేవాడు. ఒకే నేల అన్ని ఇళ్ళలో ఉన్నందువల్ల ఆయనకు అన్ని ఇళ్ళూ సొంత ఇళ్ళలాగే ఉన్నాయి. ఒట్టి సిమెంటు మీద పరుపు వేసుకుని భార్యాభర్తలు టీ తాగేవారు. "ఈ చలికాలం నీ మొహం కనిపిస్తోంది" అంది కలీపా ఒకరోజు. "పర్లేదు, బాగానే ఉంది."

డిసెంబరులో సిమెంటు తెల్లబడింది. పలకలు తెచ్చేయమని కబురు పంపాడు. అంతే, మెట్ల మీద ఊరేగింపు మొదలైంది.

ఒకరి దగ్గర తీసుకున్న సొత్తు కడగకుండా తిరిగి ఇవ్వకూడదు, ఒట్టి చేతులతో అసలే ఇవ్వకూడదు. ఇది ఆ ఇళ్ళలో పుట్టిన ప్రతి ఆడపిల్లకూ అమ్మ పాలతో పాటు పట్టిన బుద్ధి. రెండో అంతస్తువాళ్ళు పలకల్ని తళతళా తుడిచి, పైన ఆపిల్స్ పెట్టి తెచ్చారు. మూడో అంతస్తువాళ్ళు జామ్ సీసా పెట్టారు. తాజికాన్ మరీ మర్యాదస్తురాలు కనుక సబ్బు వాడింది, పైన బోర్సోకులు పోసింది. షైలోబెక్ ఒక పలక తీసి చూశాడు. రెండోది చూశాడు. సుద్ద గీత ఒక్కటి లేదు.

"అక్కా, అంకెలు?"

"మట్టి గీతలవి. తుడిచేశాను."

"నేనే రాశాను అవి."

"మరి చెప్పాలి కదా తమ్ముడూ. నువ్వు తడి తగలనివ్వద్దన్నావు, అందుకే పిండిన గుడ్డతో తుడిచాను."

చివరికి కుబాత్ వచ్చాడు. ఒట్టి చేతులతో వచ్చాడు. అతని పలకల మీద దుమ్ము, సాలెగూడు, సిగరెట్ బూడిద ఉన్నాయి. వాటి అడుగున సుద్ద అంకెలు ఒక్కటి చెరగకుండా నిక్షేపంగా ఉన్నాయి. షైలోబెక్ అతన్ని కౌగిలించుకున్నాడు. ఎందుకో కుబాత్‌కు అర్థం కాలేదు. తన జీవితంలో సంస్కారానికి వచ్చిన మొదటి బహుమతిగా తీసుకుని వెళ్ళిపోయాడు.

కుబాత్ వరసలు తలుపు దగ్గర అమరాయి. మిగతావి గుట్టగా పోసి, భార్యాభర్తలు చెరోవైపు కూర్చున్నారు. షైలోబెక్‌కు పలకల అంచులు గుర్తు. కలీపాకు ఉపద్రవాలు గుర్తు.

"ఇది ఎక్కడిది?"

"ఈ మాడు మచ్చా? ఇస్త్రీ పెట్టె. మిర్లాన్ సైన్యంలోకి వెళ్తున్నాడని ఫోనొచ్చిన రోజు వదిలేశాను. బీరువా ముందరిది."

"మరి ఈ గుంటలు?"

"మా చెల్లెలి ఎత్తు మడమల చెప్పులు. నువ్వు విడవమన్నావు, అది విడవనంది. రెండేళ్ళు మాట్లాడుకోలేదు మీరు. కిటికీకి ఎడమవైపు."

"ఇది మెత్తగా అరిగింది."

"నువ్వు డ్యూటీ నుంచి వచ్చి నిలబడి కోటు విప్పే చోటు. తలుపు పక్కన పెట్టు."

అలా మచ్చ మచ్చా అడిగి, ఇల్లు మళ్ళీ పరిచారు. వాళ్ళ సంసారంలో జరిగిన తగాదాలన్నీ అక్షరాలా వాటి స్థానాల్లోకి వెళ్ళిపోయాయి. వార్నీషు వేసే వ్యవధి లేక, చెక్కను గీకి తెల్లగా అలాగే వదిలేశారు. కిటికీ దగ్గర మడమ ముద్ర పలక దొరికింది, దాన్ని మాత్రం గీకలేదు. వేళ్ళ ముద్ర పలక దొరకలేదు. అన్ని ఇళ్ళూ అడిగారు. అందరూ ఇచ్చేశామన్నారు. గది అంతా నిండి, ఆ ఒక్క చోట పన్ను ఊడినట్టు సందు ఉండిపోయింది.

ఆదివారం జుమాకదిర్ జేబులో తన సొంత గిన్నెతో వచ్చాడు. గది నడుమ, ఒకప్పుడు కొండ ఉన్నచోట, దాన్ని పెట్టి అంచుదాకా టీ పోయించాడు. చుట్టూ నాలుగడుగులు బరువుగా నడిచాడు. టీ వణికింది గాని దిగలేదు. ఆయన ఒక కన్ను మూసి గది కొలిచాడు, గడ్డం నిమురుకున్నాడు.

"రోడ్డు వేసినవాణ్ణి గనక చెప్తున్నా. ఇది రోడ్డు." అంతలో కిటికీ దగ్గర సందు కనిపించింది. "ఇదేమిటి మరి?"

"ఒక పలక తప్పిపోయింది."

"బిడ్డ మొదటి అడుగులో బొటనవేలు ఇక్కడ ఇరుక్కుంటే? బోర్లా పడితే? పైన కంబళం వెయ్యండి."

"ఈ నేల మీద కంబళం వెయ్యను" అన్నాడు షైలోబెక్.

"అయితే వంటింట్లో నడిపిద్దాం. లినోలియం చక్కగా ఉంది."

షైలోబెక్ మొహం చూసి మిర్లాన్ నేల చూపులు చూశాడు. వంటింటి లినోలియం మీద మనవరాలి మొదటి అడుగు. ఇసుక దులుపుకోనివాళ్ళకు టీ ఇచ్చే చోట. కానీ పిల్ల బొటనవేలు అన్నాక ఆయన పక్కకు జరిగి దారి ఇచ్చాడు. అప్పటికే ఉల్జాన్ కాళ్ళకు తాడు కట్టేశారు, పెరట్లో పిల్లలు వరసగా నిలబడ్డారు. కింద నేల నుంచి నాలుగో అంతస్తు గుమ్మం దాకా పందెం. జిబెక్ బిడ్డను వంటింట్లోకి ఎత్తుకెళ్ళింది. కిందనుంచి ఈల వినిపించింది, మెట్ల మీద పాదాల చప్పుడు ఉరుములా లేచింది.

తలుపు తెరుచుకుంది. గుమ్మంలో తాజికాన్ నిలబడి ఉంది. అయిదో అంతస్తు నుంచి దిగి వచ్చింది. చేతుల్లో సలసల కాగిన మూకుడు, మూకుడు నిండా బోర్సోకులు, మూకుడు కింద ఒక చెక్క.

"జరగండి, కాలుతోంది" అని లోపలికి వచ్చింది. ఆవిడ వెనకే, నాలుక బయటపెట్టి, పిల్లల గుంపు వచ్చిపడింది.

"నేను ఫస్టు" అన్నాడు ఒకడు రొప్పుతూ.

"ఆవిడ ఫస్టు" అన్నాడు జుమాకదిర్.

"ఆవిడ పరిగెత్తలేదు. పైనుంచి దిగింది."

జుమాకదిర్ న్యాయమూర్తిలా చెయ్యి ఎత్తాడు. "ముందుగా ఎవరు గుమ్మం దాటితే వాళ్ళు కోయాలి. పైనుంచా కిందనుంచా అని మన పెద్దలు చెప్పలేదు. వాళ్ళ డేరాలకు మెట్లు లేవు."

షైలోబెక్ ఈ తీర్పు వినలేదు. మూకుడు కింది చెక్కనే చూస్తున్నాడు. జానెడు పొడవు, మూడు వేళ్ళ వెడల్పు.

"అక్కా, ఆ చెక్క ఎక్కడిది?"

"ఇదా? మా వంటింట్లో ఎప్పట్నుంచో..." ఆవిడ ఆగింది. మూకుడు కిటికీ గట్టున పెట్టి చెక్కను తిప్పి చూసింది. నూనె మరకల కింద అయిదు చిన్న వేళ్ళు కనిపించాయి. భూగోళం పంతులమ్మ మెడ దాకా ఎర్రబడింది. "తమ్ముడూ, పొయ్యి పక్కన పెట్టాను. మూకుడు పెట్టుకోవడానికి సరిగ్గా సరిపోయింది. నీదని అనుకోలేదు."

"నా మీద నీకున్న అభిమానం మొత్తం పైనుంచే దిగుతుందక్కా" అన్నాడు షైలోబెక్. వెచ్చని పలకను రెండు చేతులతో తీసుకుని, వంగి, సందులో ఉంచి, పిడికిలితో ఒక్కటి వేశాడు. నూనె పట్టిందేమో, మారు మాట లేకుండా దిగింది. మడమకు వేళ్ళు కలిశాయి.

జుమాకదిర్ వంగి అరచేత్తో తడిమాడు. గోరు ఎక్కడా తట్టలేదు. లేచి కూతురి వైపు తిరిగాడు. "వంటింట్లో ఏం చేస్తున్నావమ్మా? బిడ్డను ఇక్కడికి తీసుకురా."

తాజికాన్ చేతిలో కత్తి పెట్టారు. ఆవిడ వంగి తాడు కోసింది.

"ఇక ఈ పిల్ల కూడా అన్నీ మరిచిపోతుంది" అంది కలీపా.

"నదులు మరిచిపోదు" అంది తాజికాన్.

జిబెక్ చేతులు వదిలింది. ఉల్జాన్ ఒట్టి చెక్క మీద ఊగుతూ నిలబడింది. కిటికీ దగ్గర తాత కూర్చుని, అడుగు ముద్ర పక్కన రెండు చేతులూ చాపాడు. ఆ పిల్ల తాతను చూసింది, తిరిగి నడుమనున్న గిన్నె వైపు బయల్దేరింది. ఒక అడుగు, ఇంకో అడుగు. మూడో అడుగు గిన్నెలోనే వేసింది. ఇంతసేపూ తొణకని, ఈలోగా చల్లారిన టీ మొత్తం నేల పాలైంది. పిల్ల ఆశ్చర్యపోయి, తడికాలితో వెనక్కి తిరిగి తాత దగ్గరికి వచ్చి, ఆయన మోకాలు పట్టుకుని ఆగింది.

కలీపా అలవాటు కొద్దీ మూలనున్న షిర్దాక్ వైపు ఒక చూపు చూసి, అంతలోనే తనను తాను పట్టుకుంది.

"ఏమీ కప్పకండి. దానంతట అదే ఆరుతుంది" అన్నాడు షైలోబెక్.

వార్నీషు లేని ఓక్ చెక్క టీని వెంటనే పీల్చుకుంది. తండ్రి ముద్రకు చేరువలో, కాస్త అడ్డంగా, ఎర్రగా ఒక చిన్న పాదం మిగిలింది. ఈ మరక ఇక పోదని, వెంటనే సోడా వేసి రుద్దాలని తాజికాన్ చెప్పింది. షైలోబెక్ ఆవిడకు బోర్సోకులు వడ్డించి, సోడా డబ్బా ఎక్కడుందో తనకు తెలియదన్నాడు. జుమాకదిర్ పక్క గదిలోకి వెళ్ళి, కేఫేవాడికి ఫోను చేసి, తన టేబుళ్ళు ఎవరికైనా ఇచ్చుకోమన్నాడు.